వేడిని తట్టుకొనే వరి: ప్రోటియాసోమ్ ఉపభాగ జన్యువు టీటీ1 పాత్ర

వరి పైరు జీవితకాలంలో అత్యంత సున్నితమైన ఘట్టం పూత దశలో ఒక గంట సేపే ఉంటుంది. ఉదయం వేళ కంకిలోని చిరుపువ్వు విచ్చుకొని, పరాగకోశాలు పగిలి, పుప్పొడి కీలాగ్రంపై రాలి, పువ్వు తిరిగి మూసుకొనే ఆ కొద్ది సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే ఫలదీకరణ దెబ్బతిని తాలు గింజల శాతం పెరుగుతుంది. తెలంగాణలో యాసంగి, గోదావరి డెల్టాలో దాళ్వా నాట్లు ఆలస్యమైనప్పుడు పైరు ఈనే కాలం ఏప్రిల్ ఎండలలో పడుతుంది. గింజ పాలు పోసుకొనే దశలో వేడి ఎక్కువైతే గింజ సరిగా నిండదు, మరపట్టినప్పుడు నూక పెరుగుతుంది. యాసంగి ధాన్యాన్ని ఉప్పుడు బియ్యంగా మార్చక తప్పని పరిస్థితి వెనుక ఉన్న ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

ఈ నష్టానికి విరుగుడుగా నాట్ల తేదీలు ముందుకు జరపడం, స్వల్పకాలిక రకాలు వేయడం వంటి యాజమాన్య పద్ధతులు రైతులకు పరిచితమే. మొక్క స్వతహాగా వేడిని తట్టుకొనేలా చేయాలంటే మాత్రం వేడి కణంలో ఏమి చేస్తుందో, కణం దాన్ని ఎలా సర్దుకుంటుందో తెలియాలి. ఆఫ్రికా వరిలో గుర్తించిన టీటీ1 అనే జన్యువు ఈ విషయంలో ఎంతో విలువైన ఆధారం. ఉష్ణ సహనానికి సంబంధించి వెతుకుతూ పోయిన శాస్త్రవేత్తలకు దొరికినది ఏదో ఒక కొత్త రక్షక ప్రోటీను కాదు. పాడైన ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రంలోని ఒక సాధారణ భాగం.

ప్రోటీన్లపై వేడి ప్రభావం

ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు ఒక నిర్దిష్ట ఆకృతిలో మడతపడినప్పుడే ఎంజైముగానో, కణ నిర్మాణంలో భాగంగానో పని చేయగలదు. నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాలు సాధారణంగా ఈ మడతల లోపలి వైపున దాగి ఉంటాయి. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు మడతలు సడలి, దాగి ఉన్న ఆ భాగాలు బయటపడతాయి. అవి పక్కనున్న మరో ప్రోటీనులోని అలాంటి భాగాలకే అతుక్కుంటాయి. ఉడికించిన గుడ్డులోని తెల్లసొన గట్టిపడటం ఇదే మార్పుకు తుది రూపం. ఆకు కణంలో అంత తీవ్రంగా జరగకపోయినా, చిన్న చిన్న గడ్డలు ఏర్పడతాయి. ఈ గడ్డలు నిరుపయోగమైనవి మాత్రమే కావు, విషతుల్యమైనవి కూడా. ఆరోగ్యంగా ఉన్న ప్రోటీన్లను సైతం తమలో చిక్కించుకొని కణపు పనులను స్తంభింపజేస్తాయి.

కణం మొదట మరమ్మతుకు ప్రయత్నిస్తుంది. వేడి తగిలిన నిమిషాల్లోనే ఉష్ణాఘాత ప్రోటీన్ల ఉత్పత్తి మొదలవుతుంది. వీటిలో హెచ్‌ఎస్‌పి70 వర్గం సడలిన ప్రోటీన్లను పట్టుకొని తిరిగి మడత పడేందుకు అవకాశమిస్తుంది. హెచ్‌ఎస్‌పి101 అప్పటికే గడ్డకట్టిన వాటిని విడదీస్తుంది. ఉష్ణ సహనంపై జరిగిన అధ్యయనాలలో అధిక భాగం ఈ మరమ్మతు విభాగం చుట్టూనే తిరిగాయి. అయితే బాగు చేయడానికి వీలు లేనంతగా పాడైన ప్రోటీన్లు ఎప్పుడూ కొన్ని మిగులుతాయి. వాటిని తొలగించకపోతే మరమ్మతు చేసే ప్రోటీన్లు కూడా వాటికే అంటిపెట్టుకొని ఉండిపోతాయి. ప్రోటీన్ల నిర్మాణానికి పుటలకు పుటలు కేటాయించే పాఠ్యపుస్తకాలు వాటి విచ్ఛిన్నానికి ఒకటి రెండు పేరాలతో సరిపెడుతుంటాయి. కణానికి మాత్రం రెండూ సమాన అవసరాలే.

యుబిక్విటిన్ గుర్తు

తొలగించవలసిన ప్రోటీనును కణం ముందుగా గుర్తు వేసి వేరు చేస్తుంది. ఆ గుర్తు పేరు యుబిక్విటిన్. ఇది 76 అమైనో ఆమ్లాలు గల చిన్న ప్రోటీను. ఈస్టు మొదలు వరి, మనిషి వరకు దాదాపు మార్పు లేకుండా ఉంటుంది. ఎటిపి శక్తిని వినియోగించి మొదటి ఎంజైము యుబిక్విటిన్‌ను ఉత్తేజపరుస్తుంది, రెండవది దాన్ని మోసుకువస్తుంది, లైగేజ్ అని పిలిచే మూడవది తొలగించవలసిన ప్రోటీనును గుర్తించి దానిలోని లైసీన్ అనే అమైనో ఆమ్లానికి అతికిస్తుంది. ఇలా ఒకదానికి మరొకటి అతుక్కొని యుబిక్విటిన్ గొలుసు ఏర్పడుతుంది. ఈ విధానాన్ని వెలికి తీసినందుకు ఆరన్ సీకనోవర్, ఆవ్రామ్ హెర్ష్‌కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మొక్కలు ఈ వ్యవస్థపై పెట్టిన పెట్టుబడి ఆశ్చర్యకరమైనది. అరబిడాప్సిస్ అనే ప్రయోగ మొక్కలో మొదటి ఎంజైముకు రెండే జన్యువులుండగా, లైగేజ్‌లకూ వాటి భాగాలకూ చెందినవిగా అంచనా వేసిన జన్యువులు 1,400కు పైగా ఉన్నాయి. ఏ ప్రోటీనును ఎప్పుడు తొలగించాలనే నిర్ణయం వీటి చేతిలోనే ఉంటుంది. ఆక్సిన్, జిబ్బరెల్లిన్ వంటి హార్మోన్లు సైతం తమ దారికి అడ్డుగా ఉన్న నిరోధక ప్రోటీన్లను ఈ మార్గంలోనే తొలగింపజేసి పని చేస్తాయి. అంటే ఇది కేవలం చెత్త ఊడ్చే ఏర్పాటు కాదు, మొక్క పెరుగుదలను నడిపే ఏర్పాటు కూడా.

ప్రోటియాసోమ్ నిర్మాణం

గుర్తు పడిన ప్రోటీన్లు చివరికి చేరే చోటు 26ఎస్ ప్రోటియాసోమ్. బావిలో దించే సిమెంటు వరలను నాలుగింటిని ఒకదానిపై ఒకటి పేర్చినట్లు దీని మధ్య భాగం ఉంటుంది. ఒక్కొక్క వరలో ఏడేసి ఉపభాగాలు, మొత్తం 28. పైన, కింద ఉన్న వరలు ఆల్ఫా ఉపభాగాలతోను, నడుమ ఉన్న రెండు వరలు బీటా ఉపభాగాలతోను ఏర్పడతాయి. ఈ గొట్టాన్ని 20ఎస్ కేంద్ర భాగం అంటారు. దీని ఒక చివరనో రెండు చివరలనో 19ఎస్ నియంత్రణ భాగం మూతలా కూర్చుంటుంది.

నియంత్రణ భాగం యుబిక్విటిన్ గొలుసును పట్టుకొని, దాన్ని ఊడదీసి కణానికి తిరిగి ఇచ్చివేస్తుంది. అదే గుర్తు మళ్లీ మళ్లీ వాడుకోబడుతుంది. అందులోని ఆరు ఉపభాగాల వలయం ఎటిపి శక్తితో ప్రోటీను మడతలను విప్పి, దారం పోగులా గొట్టంలోకి లాగుతుంది. లోపల బీటా-1, బీటా-2, బీటా-5 అనే మూడు ఉపభాగాలకు మాత్రమే కోసే శక్తి ఉంది. ఒక్కొక్కటి ఒక్కొక్క రకం అమైనో ఆమ్లం పక్కన గొలుసును తెంపుతుంది. చివరకు చిన్న చిన్న పెప్టైడ్ ముక్కలు బయటికి వస్తాయి. ఇతర ఎంజైములు వాటిని అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. వాటితో కణం కొత్త ప్రోటీన్లను నిర్మించుకుంటుంది.

ఆల్ఫా ఉపభాగాలకు కోసే శక్తి లేదు. వాటి పని ద్వారపాలన. కోసే స్థానాలు గొట్టం లోపల దాగి ఉండటం వల్లనే కణంలోని మంచి ప్రోటీన్లు బతికి ఉన్నాయి. ఆల్ఫా ఉపభాగాల మొదళ్లలోని తోకలు గొట్టం ముఖద్వారానికి అడ్డంగా అల్లుకొని దాన్ని మూసి ఉంచుతాయి. నియంత్రణ భాగంలోని ఆరు ఉపభాగాల కొసలు ఆల్ఫా ఉపభాగాల నడుమ ఉన్న గాళ్లలో దిగినప్పుడు ఆ తోకలు పక్కకు తొలగి ద్వారం తెరచుకొంటుంది. తాళంచెవి ఎంత ముఖ్యమో తాళపుగాడి కూడా అంతే ముఖ్యం. ఆల్ఫా వలయంలో చిన్న తేడా వచ్చినా ద్వారం తెరచుకొనే తీరు, రెండు భాగాలు అతికి ఉండే బలం మారగల అవకాశం ఉంటుంది. ఆల్ఫా-1, ఆల్ఫా-3ల నడుమ ఉండే ఆల్ఫా-2 విషయంలోనూ అంతే.

ఈ జన్యువులతో చెలగాటం కుదరదని ఈస్టుపై జరిగిన పరిశోధనలు స్పష్టం చేశాయి. కేంద్ర భాగంలోని 14 రకాల ఉపభాగాలలో 13 రకాల జన్యువులలో ఏ ఒక్కదాన్ని తొలగించినా ఈస్టు కణం బతకదు. ఆల్ఫా-3 ఒక్కటే మినహాయింపు. అది లేనప్పుడు దాని స్థానంలో మరో ఆల్ఫా-4 కూర్చుంటుంది. ఇంతటి అనివార్యమైన జన్యువులలో యాదృచ్ఛికంగా వచ్చే మార్పులు ఎక్కువగా హానికరమే కనుక ప్రకృతిలో నిలవవు. అందుచేతనే, ఇటువంటి జన్యువులో మేలు చేసే సహజ రూపాంతరం దొరకడం ప్రజననకారులకు అరుదైన అవకాశం.

ఆఫ్రికా వరిలో దొరికిన రూపాంతరం

సాగులో ఉన్న వరి జాతులు రెండు. ప్రపంచమంతటా పండే ఆసియా వరి ఒకటి; పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ నదీ ప్రాంతంలో సాగులోకి వచ్చిన ఆఫ్రికా వరి రెండవది. ఆఫ్రికా వరి దిగుబడి తక్కువ, గింజ రాలిపోయే గుణం ఎక్కువ. అయినా వేడి, కలుపు, నిస్సారమైన నేలలు వంటి ప్రతికూలతలను ఓర్చుకొంటూ అక్కడి పొలాల్లో నిలిచింది. సీజీ14 అనే ఆఫ్రికా వరి రకాన్ని ఆసియా వరితో సంకరపరచి నెరికా రకాలను రూపొందించిన సంగతి వరి శాస్త్రజ్ఞులకు తెలిసినదే. ఆ కృషికి గాను మాంటీ జోన్స్ 2004లో ప్రపంచ ఆహార బహుమతిని పంచుకొన్నారు.

అదే సీజీ14 ఉష్ణ సహన పరిశోధనకూ మూలమైంది. చైనాలోని షాంఘై శాస్త్రవేత్తలు దాన్ని ఆసియా వరి రకంతో సంకరపరచి, వేడికి గురిచేసినప్పుడు బతికే మొక్కలలో సీజీ14 నుండి సంక్రమించిన క్రోమోజోము ఖండం ఏదో క్రమంగా కుదించుకుంటూ వెళ్లారు. చివరికి ఒకే జన్యువు మిగిలింది. అది 26ఎస్ ప్రోటియాసోమ్‌లోని ఆల్ఫా-2 ఉపభాగానికి సంకేతమిచ్చే జన్యువు. ఉష్ణ సహనానికి సూచికగా దానికి టీటీ1 అని పేరు పెట్టి 2015లో ఫలితాలను ప్రకటించారు. ఈ జన్యువు రెండు జాతులలోనూ ఉంది, రెండింటిలోనూ పని చేస్తుంది. తేడా దాని రూపంలోనే.

ఈ రూపభేదం ఏమి చేస్తుందో తెలుసుకొనేందుకు యుబిక్విటిన్ గుర్తు పడిన ప్రోటీన్లన్నింటినీ ఒకేసారి లెక్కించే పద్ధతిని ఉపయోగించారు. ఈ పద్ధతిలోని కిటుకు ఆసక్తికరమైనది. ట్రిప్సిన్ ఎంజైముతో ప్రోటీన్లను ముక్కలు చేసినప్పుడు, యుబిక్విటిన్ అతికి ఉన్న లైసీన్ మీద రెండు గ్లైసీన్‌ల తోక మిగిలిపోతుంది. ఆ తోకను పట్టుకొనే ప్రతిరక్షకాలతో అటువంటి ముక్కలను వేరు చేసి, ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో అవి ఏ ప్రోటీనుకు చెందినవో గుర్తించవచ్చు. ఆఫ్రికా రూపం గల మొక్కలు వేడిలో రూపు చెడిన విషతుల్య ప్రోటీన్లను ఆసియా రూపం గల వాటి కంటే సమర్థంగా తొలగించాయని, వేడికి స్పందించే ప్రక్రియలను కూడా మెరుగ్గా కొనసాగించాయని దీని ద్వారా తేలింది. ఆఫ్రికా రూపాన్ని అధికంగా వ్యక్తపరచినప్పుడు వరిలోనే గాక అరబిడాప్సిస్‌లోను, ఫెస్క్యూ అనే గడ్డి జాతిలోను ఉష్ణ సహనం గణనీయంగా పెరిగింది. దూరపు జాతులలోనూ ఫలితం ఒకటే కావడానికి ప్రోటియాసోమ్ నిర్మాణం మొక్కలన్నింటిలో ఒకే విధంగా ఉండటమే కారణమని భావించవచ్చు.

మరొక ఫలితం జన్యు వనరుల సేకరణకు సంబంధించినది. వరి పరిణామక్రమంలో టీటీ1 రూపభేదాలు ఆయా ప్రాంతాల ఉష్ణోగ్రతలను బట్టి ఎంపికయ్యాయని ఆ అధ్యయనం పేర్కొంది. ఎవరూ ఈ జన్యువు పేరు తెలిసి విత్తనం ఎంచలేదు. వేడి ప్రాంతాల రైతులు ఎండలో నిలిచి గింజ కట్టిన వెన్నులను విత్తనానికి దాచుకొన్నారు. ఎంపిక దానంతట అదే జరిగింది.

ఎక్కువైతే మేలేనా?

ప్రోటియాసోమ్ ఎంత చురుకుగా ఉంటే మొక్క అంత దృఢంగా ఉంటుందని ఈ ఫలితాల నుండి నిర్ధారించడం తొందరపాటు. నియంత్రణ భాగంలోని మూడు వేర్వేరు ఉపభాగాలలో లోపం ఉన్న అరబిడాప్సిస్ మొక్కలపై 2008లో ప్రచురితమైన అధ్యయనం ఈ విషయంలో కనువిప్పు. ఆ మొక్కలలో 26ఎస్ రూపం తగ్గి, మూత లేని 20ఎస్ కేంద్ర భాగం పెరిగింది. ప్రోటీన్ల మడతలు చెడగొట్టే ఒత్తిడికి అవి సులభంగా లొంగిపోయాయి. కానీ ఆక్సీకరణ వల్ల ప్రోటీన్లు పాడయ్యే ఒత్తిడిని సాధారణ మొక్కల కంటే మెరుగ్గా తట్టుకొన్నాయి. ఆక్సీకరణ చెందిన ప్రోటీన్లను 20ఎస్ భాగం యుబిక్విటిన్ గుర్తు లేకుండానే విరవగలగడం ఇందుకు కారణం. ఒక ఒత్తిడికి మేలు చేసిన సర్దుబాటు మరొక ఒత్తిడికి కీడు కావచ్చునన్నమాట. పొలంలో వేడి ఒంటరిగా రాదు. నీటి ఎద్దడి, తీవ్రమైన కాంతి తోడుగా వస్తాయి, వాటితో ఆక్సీకరణ ఒత్తిడి కూడా వస్తుంది.

శక్తి వ్యయం మరొక అంశం. ప్రోటీనుకు గుర్తు వేయడానికి, మడత విప్పడానికి, తిరిగి కొత్తది కట్టడానికి ఎటిపి ఖర్చవుతుంది. ఆ శక్తి శ్వాసక్రియ నుండి, అంటే గింజకు చేరవలసిన పిండి పదార్థం నుండి రావాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రంలో 1992 నుండి 2003 వరకు నమోదైన వివరాలను విశ్లేషించగా, వేసవి పంట కాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగిన కొద్దీ దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు కనిపించింది. రాత్రి వేడి కలిగించే ఈ నష్టానికి శ్వాసక్రియ పెరగడం ఒక కారణంగా చెబుతారు. కాబట్టి టీటీ1 పగటి వేడికి పనికివచ్చినంత మాత్రాన రాత్రి వేడికి కూడా అదే మందు అనుకోరాదు. మరొక పరిమితి కూడా గుర్తుంచుకోవాలి: ప్రోటియాసోమ్ పని చేసేది కణద్రవ్యంలోను, కేంద్రకంలోను. హరితరేణువుల లోపల పాడైన ప్రోటీన్లను తొలగించే ఎంజైములు వేరే ఉన్నాయి. 2022లో అదే సీజీ14 నుండి వెలికి వచ్చిన టీటీ3 జన్యు స్థానం ఈ లోటును కొంత పూరిస్తుంది. అక్కడ ఒక లైగేజ్, హరితరేణువుకు చేరవలసిన ఒక ప్రోటీనును ప్రోటియాసోమ్ వైపు గాక రిక్తిక వైపు పంపి విచ్ఛిన్నం చేయిస్తుంది. రెండు జన్యువులు రెండు వేర్వేరు దారులలో ఒకే ప్రయోజనం సాధిస్తున్నందున, వాటిని ఒకే రకంలో కలిపి పరీక్షించడం సమంజసం.

ప్రజనన కార్యక్రమంలో వినియోగం

ఆఫ్రికా రూపాన్ని మన రకాలలోకి తేవడానికి సంప్రదాయ మార్గం పశ్చ సంకరణం. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఆసియా, ఆఫ్రికా వరుల మొదటి తరం సంకరాలలో పుప్పొడి వంధ్యత్వం తీవ్రంగా ఉంటుంది. ఆసియా జనకంతో పదేపదే సంకరపరిస్తే గాని గింజ కట్టదు. గింజ రాలే గుణం వంటి అవాంఛనీయ లక్షణాలు కూడా వెంట వస్తాయి. జన్యువు స్థానం, రూపభేదం తెలిసినందున డిఎన్‌ఎ మార్కర్లతో ప్రతి తరంలో మొలక దశలోనే మొక్కలను ఏరి, అక్కరలేని ఖండాన్ని వీలైనంత కుదించవచ్చు. సీజీ14 నుండి వచ్చిన నెరికా రకాలలో ఆఫ్రికా రూపం ఏ రకానికి సంక్రమించిందో మార్కరుతో తేల్చుకొంటే సంకరణానికి సులువైన దాత దొరకవచ్చు.

రెండవ మార్గం జన్యు సవరణ. టీటీ1 వంటి జన్యువును నిలిపివేసే సవరణ మొక్కకే ప్రమాదం. ఇక్కడ కావలసినది ఉన్న అక్షరాలను ఆఫ్రికా రూపంలోని అక్షరాలుగా మార్చడం. పరాయి జన్యువు మిగలని ఇటువంటి సవరణలను భారత ప్రభుత్వం 2022లో కఠినమైన జీవభద్రతా నిబంధనల నుండి మినహాయించింది. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని సవరించి రూపొందించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 రకాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. అంటే నైపుణ్యం, అనుమతుల దారి రెండూ చేతిలో ఉన్నట్లే. అయితే అందులో చేసినది ఒక జన్యువు పనిని తగ్గించడం. అక్షరాలను కోరిన విధంగా మార్చడం సాంకేతికంగా దానికంటే కష్టమైన పని.

ఏ మార్గంలో రూపొందించినా పరీక్ష విషయంలో రాజీ పడకూడదు. మొలకలను వేడి గదిలో ఉంచి ఎన్ని బతికాయో లెక్కించడం తేలిక. అందుకే అటువంటి ఫలితాలు ఎక్కువగా కనిపిస్తాయి. రైతు నష్టపోయేది మొలక దశలో కాదు, పూతలోను గింజ నిండే దశలోను. ప్రయోగశాలలో ప్రోటియాసోమ్ చురుకుదనాన్ని, కోసినప్పుడు మెరిసే కృత్రిమ పెప్టైడ్‌తో కొలవవచ్చు. ఎంజి132 అనే నిరోధకం కలిపిన నమూనాను పక్కన ఉంచితే ఆ మెరుపు నిజంగా ప్రోటియాసోమ్‌దేనా, వేరే ఎంజైముదా అనేది తేలుతుంది. ఆకు నుండి గాక పూత రోజున పరాగకోశాల నుండి తీసిన నమూనాలలో ఈ కొలత చేస్తే కణంలోని తేడాకూ తాలు శాతానికీ ఉన్న సంబంధం నేరుగా తెలుస్తుంది. క్షేత్రంలోనైతే, టీటీ1 ఉన్న వంశక్రమాన్ని, అది లేని దాని సోదర వంశక్రమాన్ని, ఉష్ణ సహనానికి పేరొందిన మన నగీనా 22ను పక్కపక్కనే వేయాలి. పూత కాలం కలిసేలా పది రోజుల తేడాతో మూడు నాలుగు దఫాలు విత్తాలి. లేకుంటే త్వరగా పూసి వేడిని తప్పించుకొన్న రకమే వేడిని తట్టుకొన్న రకంగా నమోదవుతుంది. పూత గంట కూడా రాసుకోవాలి; ఎండ ముదరక ముందే పువ్వు విచ్చే రకాలకు తాలు తక్కువగానే ఉంటుంది, ఆ తగ్గుదలకు ప్రోటియాసోమ్‌తో సంబంధం ఉండదు.